ఫిల్టర్‌లో నీళ్ళు

పొద్దున్న అయిదూ నలభైకి మా ఆయన జీపు స్టార్టు చేసేవారు. తొంభైల్లో, అరకులో మేమున్న వీధిలో చాలామందికి మెలకువ వచ్చేది ఆ చప్పుడుకే. చలికాలమైతే ముందు తాళం సగం తిప్పి ఉంచి, హీటరు వేడెక్కేదాకా పెదవులు కదుపుతూ ఇరవై లెక్కపెట్టేవారు. తర్వాత పూర్తిగా తిప్పితే ముందు ఒక సిలిండరు అందుకునేది, కాసేపటికి రెండోది, ఆఖరికి నాలుగూ. తెల్లటి పొగ వాకిలంతా నిండి మంచులో కలిసిపోయేది. నేను వంటింట్లోంచి బయటికొచ్చి చూడనక్కర్లేదు. గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగడం మొదలైతే బండి అందుకుందని అర్థం.

ఆ జీపు అరకు నుంచి డుంబ్రిగుడకీ, సంత రోజుల్లో ఇంకా లోపలి ఊళ్ళకీ సర్వీసు తిరిగేది. పదిమంది పట్టే బండిలో ఇరవైమంది ఎక్కేవారు. పైన అల్లం బుట్టలు, పసుపు బస్తాలు, రాజ్‌మా మూటలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. గట్టుల మీద రెండో గేరులో మూలుగుతూ ఎక్కేది గాని ఎక్కకుండా ఎప్పుడూ ఉండలేదు. కొండ మీద ఊళ్ళ వాళ్ళు రోడ్డు మీదకొచ్చి నిలబడి ఎదురుచూసేవారు కాదు. రెండు మలుపుల అవతల చప్పుడు వినబడినప్పుడు పని వదిలి, బుట్ట నెత్తికెత్తుకుని దిగితే బండి అందేది.

పదకొండేళ్ళలో అది దారిలో ఆగిపోవడం నాకు తెలిసి మూడుసార్లు. మూడుసార్లూ మా ఆయనే తీగ ముక్కతోనో, సైకిల్ ట్యూబు ముక్కతోనో బాగుచేసి తెచ్చుకున్నారు. దాని చప్పుడులో ఏ చిన్న తేడా వచ్చినా ఆయనకు తెలిసేది. అన్నం తింటూ మాట ఆపేసి, రోడ్డు మీద పోయే వేరే వాళ్ళ జీపు విని, దానికి డీజిలు చిమ్మే నాజిలు పోయిందని చెప్పేవారు. నాకు అన్ని జీపులూ ఒకేలా వినబడేవి. నాకు తెలిసిందల్లా అందులో పుస్తకం చదవలేమని. పుట్టింటికి శృంగవరపుకోట వెళ్ళిన ప్రతిసారీ లైబ్రరీ నుంచి నవల తెచ్చుకునేదాన్ని. దారిలో తెరిస్తే అక్షరాలు నిలిచేవి కావు. రెండు పేజీలకే తల తిరిగేది.

మా బావగారు, అంటే మా ఆయన అన్నయ్య, మా పక్కింట్లోనే ఉండేవారు. అరకులో కొట్టు. కాఫీ గింజలు, పిప్పళ్ళు, పసుపు కొని కిందకి పంపేవారు. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకు ఆయన కొత్త కారు కొన్నారు. డీజిల్ కారే, కానీ ఇంజన్ కొత్త రకం. అందులో డీజిలు ఎంత పడాలో, ఎప్పుడు పడాలో ఒక చిన్న కంప్యూటరు చూసుకుంటుందని అమ్మినవాళ్ళు చెప్పారట. అది వచ్చిన రోజు మా రెండిళ్ళ ముందూ జనం గుమిగూడారు. బావగారు ఇంజను ఆన్‌లోనే ఉంచి, బానెట్ మీద స్టీలు గ్లాసు పెట్టి, నిండా నీళ్ళు పోశారు. నీళ్ళు సన్నగా వణికాయి, ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

"ఇప్పుడు ఈ గ్లాసు నీ జీపు మీద ఎట్టు," అన్నారు తమ్ముడితో.

మా ఆయన నవ్వి ఊరుకున్నారు. పక్కన ఉన్నవాళ్ళు ఊరుకోలేదు. జీపు స్టార్టు చేయించి అదే గ్లాసు దాని బానెట్ మీద పెట్టారు. గ్లాసు తనంతట తాను నడుచుకుంటూ అంచుదాకా వెళ్ళి కింద పడింది. అందరూ నవ్వారు. అల్లం బుట్టతో నిలబడ్డ ఒక కొండ ఊరి ముసలమ్మ మాత్రం నవ్వలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, మా ఆయన్ని అడిగింది:

"సప్పుడు లేని బండి వత్తన్నట్టు మాకెలాగ తెలస్తాది బాబూ?"

"నీకోసం కాదులే అప్పా, ఇది కొట్టు బాబుది," అన్నారు ఆయన.

ఆ తర్వాత రెండేళ్ళపాటు సాయంత్రాలు కొట్టు అరుగు మీద అన్నదమ్ములిద్దరికీ ఇదే వాదన. బావగారు నెమ్మదితనం గురించి మాట్లాడేవారు, మా ఆయన నమ్మకం గురించి. కారులో ఘాటు రోడ్డు దిగి విశాఖపట్నం వెళ్ళినా నడుం నొప్పి రాదని ఆయన అంటే, చెడిపోతే ఘాటులో ఎవడు చూస్తాడని ఈయన అనేవారు. చెడిపోదని ఆయన. ఇంజన్ అన్నాక చెడిపోతుందని ఈయన. కంపెనీ మెకానిక్కు తప్ప బయటివాళ్ళు బానెట్ కింద చెయ్యి పెట్టకూడదని షోరూములో గట్టిగా చెప్పారు. బావగారు ఆ మాటను అక్షరాలా పాటించారు. మా ఆయన ఒకసారి కుతూహలం కొద్దీ బానెట్ ఎత్తబోతే, "ఒరే, ముట్టుకోకు," అని కొట్టులోంచి అరిచారు. నేను ఈ వాదనలో ఎప్పుడూ దూరలేదు. కానీ ఒకసారి ఆ కారులో శృంగవరపుకోట వెళ్ళొచ్చినప్పుడు దారి పొడవునా నవల చదివాను. ఆ సంగతి మా ఆయనకు చెప్పలేదు.

మా పాపకు ఆరేళ్ళప్పుడు, వానలు ముగిసే రోజుల్లో జ్వరం వచ్చింది. మా ప్రాంతంలో వానల తర్వాత జ్వరం కొత్త కాదు. రక్తపరీక్ష చేయించాం, మలేరియా అన్నారు, మాత్రలు మొదలుపెట్టాం. మూడో రోజు పొద్దున్న పాప నన్ను చూసి గుర్తుపట్టనట్టు మాట్లాడింది. తర్వాత మాట్లాడటం మానేసి కళ్ళు మూసుకుంది. చెయ్యి ఒకసారి గట్టిగా ఎగిరింది. ఆసుపత్రికి ఎత్తుకెళ్ళాం. డాక్టరు చిన్నవాడు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. జ్వరం మెదడుకు ఎక్కిందని అనుమానంగా ఉందని, తన దగ్గరున్న ఇంజెక్షను ఇచ్చానని, ఆలస్యం చెయ్యకుండా విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పాడు. అంబులెన్సు ఘాటు కింద ఎక్కడో ఉంది, వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. వీలైనంత కదపకుండా తీసుకెళ్ళండి, కుదుపులకి మళ్ళీ ఫిట్సు రావచ్చు అన్నాడు.

ఆసుపత్రి వరండాలో అన్నదమ్ములిద్దరూ నిలబడ్డారు. అరుగు మీది వాదనే, కానీ ఇద్దరూ గొంతు పెంచలేదు. కారులో వెళ్దామని బావగారు అన్నారు. జీపు అయితే ఆగదని మా ఆయన అన్నారు. అప్పుడు ఇద్దరూ నావైపు చూశారు.

"కార్లోనే ఎల్దాం," అన్నాను.

ఆ మాట నేనన్నదే. డాక్టరు కదపొద్దన్నాడు కాబట్టి అన్నాను. కానీ అన్న క్షణంలో నాకు గుర్తొచ్చింది కదలని పేజీ.

కారు ట్యాంకులో డీజిలు అడుగంటింది. ఘాటు రోడ్డు మీద కొండచరియ పడి రెండు రోజులు దారి మూసేయడంతో బంకుకి ట్యాంకరు రాలేదు. ఆ పొద్దున్నే దారి తెరిచారు గాని బంకులో ఇంకా స్టాకు లేదు. మా పెరట్లో, చూరు కింద, జీపు కోసం డీజిలు దాచే డ్రమ్ము ఒకటి ఉండేది. ఇలాంటి రోజుల కోసమే అది. మా ఆయన పద్ధతి ఒకటి ఉంది. పాత నూలు చీర ముక్క నాలుగు మడతలు వేసి గరాటు మీద కప్పి, డీజిలు వడకట్టి పోసేవారు. జీపు సర్వీసు నడిపేవాళ్ళందరూ అలాగే చేసేవారు. చీర మీద తుప్పు, ఇసుక, చచ్చిన పురుగులు ఆగిపోయేవి. ఆ రోజు కూడా అలాగే వడకట్టి కారులో పోశారు. నేను పాపను ఒళ్ళో పెట్టుకుని కారు వెనక సీట్లో కూర్చుని ఉన్నాను. పెరట్లో ఆయన ఏం చేస్తున్నదీ నాకు కనబడలేదు.

పదిన్నరకి బయల్దేరాం. ఘాటు బాగా తెలిసినవారు కాబట్టి మా ఆయనే నడిపారు. బావగారు పక్కన కూర్చున్నారు. కారు ఎంత మెత్తగా పోయిందంటే, సుంకరిమెట్ట దగ్గర కాఫీ తోటలు వచ్చేదాకా పాప తల నా చేతి మీద ఒకేచోట ఉంది. దాని ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను. అక్కడి నుంచి గాలికొండ వైపు ఎక్కుడు. రెండు మలుపులు ఎక్కాక బావగారు ముందుకు వంగారు.

"ఏదో పసుపు లైటు ఎలుగుతోంది రా."

మా ఆయన ఒకసారి చూసి నడుపుతూనే ఉన్నారు. ఇంకో మలుపు తిరిగేసరికి యాక్సిలరేటరు తొక్కుతున్నా బండి లాగడం మానేసింది. చివరికి రోడ్డు పక్కన నిలిచిపోయింది. ఇంజన్ ఆగిపోయిందని నాకు వెంటనే తెలియలేదు. మామూలుగానే అది అంత నిశ్శబ్దంగా ఉండేది. ఆయన తాళం తిప్పడం, తిరిగి తిప్పడం చూసి తెలిసింది.

బావగారు కారు దిగి రోడ్డు మధ్యలోకి వెళ్ళి రెండు వైపులా చూశారు. అరకు వైపు వెళ్ళే బస్సు ఒకటి ఎదురొచ్చి దాటిపోయింది. కిందికి వెళ్ళే బండి ఒక్కటీ లేదు. రెండు రోజుల తర్వాత తెరిచిన రోడ్డు అది. పాప వంటి వేడి నా చీరలోంచి తొడకి తగులుతోంది. కార్లోనే వెళ్దామన్నది నేను. ఆ మాట తప్ప నా తలలో ఇంకేమీ లేదు.

సీటు ముందున్న అరలో కారుతో పాటు ఇచ్చిన పుస్తకం ఉంటుందని నాకు తెలుసు. ఇంగ్లీషులో ఉన్నా నేను చదవగలను. ఎప్పుడైనా ఏ పుస్తకం కనబడినా తిరగేసే అలవాటు నాది. బావగార్ని అడిగి తీసుకుని, ఒక చేత్తో పాపను పట్టుకుని ఇంకో చేత్తో పేజీలు తిప్పాను. ఇంజన్ ఆగిన కారులో అక్షరాలు బాగానే కనబడ్డాయి. లైట్ల బొమ్మలన్నీ వరసగా వేసిన పేజీ దొరికింది. మా ముందు వెలుగుతున్న బొమ్మ కూడా ఉంది.

"డీజిల్ ఫిల్టర్‌లో నీళ్ళు చేరాయట," అన్నాను.

మా ఆయన నావైపు తిరిగారు. ఆ ముఖం నేను మరిచిపోలేదు. అప్పుడు అది పాప గురించిన భయమే అనుకున్నాను.

"ఏటి సెయ్యమంటోంది?"

"కంపెనీ మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళమంటోంది."

ఆయన బానెట్ తాళం దగ్గర చెయ్యి పెట్టి, లాగకుండా అన్నయ్య వైపు చూశారు. అంత తొందరలో కూడా అడగకుండా ముట్టుకోలేదు. బావగారు రోడ్డు మీదనుంచి రెండంగల్లో వచ్చేశారు.

"నా ముకం సూత్తావేటి రా? ఇప్పు. ఏది కావాలంటే అది ఇప్పీ."

బానెట్ ఎత్తారు. లోపలంతా నల్ల ప్లాస్టిక్ మూతలు. జీపు అయితే ఆయన కళ్ళు మూసుకుని ఏది ఎక్కడుందో చెప్పగలరు. ఇక్కడ ఏమీ తెలియదు. కాసేపు ఊరికే నిలబడ్డారు. తర్వాత ట్యాంకు వైపు నుంచి వచ్చే పైపును వేలితో పట్టుకుని, దాని వెంటే వేలు జరుపుతూ పోయారు. ఎంత కొత్త ఇంజనైనా డీజిలు ట్యాంకులోంచే రావాలి కదా అని తర్వాత ఒకసారి అన్నారు. పైపు ఒక డబ్బా దగ్గర ఆగింది. డబ్బా అడుగున చేత్తో తిప్పే మర ఉంది. జీపుకి కూడా అక్కడే ఉంటుంది.

పట్టడానికి ఏదైనా ఇమ్మన్నారు, లోపలికి కనబడేది కావాలన్నారు. పాప కోసం కాచి తెచ్చిన నీళ్ళ సీసాలు రెండు ఉంటే ఒకటి పారబోసి ఇచ్చాను. మర వదులు చేస్తే సీసాలోకి ధార కట్టింది. ఆయన దాన్ని వెలుతురులో ఎత్తి పట్టుకున్నారు. అడుగున నాలుగు వేళ్ళ మందాన నీళ్ళు, పైన పలచగా డీజిలు, మధ్యలో గీత గీసినట్టు హద్దు. పారబోసి మళ్ళీ పట్టారు. రెండోసారి రెండు వేళ్ళు. మూడోసారి హద్దు లేదు, అంతా డీజిలే. మర బిగించి, డీజిలు మళ్ళీ ఎక్కడానికి పైపు మీదున్న రబ్బరు బుడ్డిని గట్టిపడేదాకా పిసికారు. ఆ పని చేస్తున్నంతసేపూ ఒక్కసారి కూడా పాప వైపు చూడలేదు.

వచ్చి తాళం తిప్పారు. ఇంజన్ కాస్త తిరిగి ఆగిపోయింది. బావగారు కారు బయటే నిలబడి పైకప్పు మీద చెయ్యి వేసి ఉంచారు. రెండోసారి కూడా అంతే. మూడోసారి ఆయన తాళం తిప్పి వదిలాక ఏ చప్పుడూ నాకు వినబడలేదు. అయిపోయింది, ఇక ఎవరినైనా కాళ్ళు పట్టుకుని ఆపాలి అనుకున్నాను. అప్పుడు ఆయన వెనక్కి తిరిగి తలూపారు. నేను అర్థం కానట్టు చూశాను.

"అందుకుంది," అన్నారు.

చెప్పు విడిచి అరికాలు కింద పెట్టాను. సన్నటి కదలిక తగిలింది. పాప కళ్ళు తెరవలేదు, ఉలిక్కిపడలేదు. జీపు అయితే అందుకున్న సంగతి కొండంతా తెలిసేది. నాకు అంతవరకూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. కుదుపు లేకుండా ఏడవడం చాలా కష్టమని ఆ రోజు తెలుసుకున్నాను.

దారిలో ఇంకో రెండుచోట్ల ఆపి నీళ్ళు తీశారు. ఒకసారి టైడ దాటాక, ఒకసారి ఘాటు దిగాక కాశీపట్నం దగ్గర. రెండోసారి సీసాలో నీళ్ళు చెంచాడు కూడా లేవు. మధ్యాహ్నం మూడు దాటాక పెద్దాసుపత్రి చేరాం. వాళ్ళు పాపను నా చేతుల్లోంచి తీసుకున్నారు. మర్నాడు సాయంత్రం పాప కళ్ళు తెరిచి, తన చేతికి కట్టిన గుడ్డ ఎందుకని అడిగింది. నాలుగో రోజు ఇడ్లీ కావాలంది. పెద్ద డాక్టరు ఇంకో మూడు గంటలు ఆలస్యమై ఉంటే తాను ఏం చెప్పగలిగేవారో తెలియదన్నారు. దారిలో మేం ఆగింది ముప్పావుగంటే.

ఇడ్లీ తిన్న రోజు సాయంత్రం ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఉండగా, అడగకుండానే మా ఆయన చెప్పారు. డ్రమ్ము అడుగున నీళ్ళు చేరతాయి. వానాకాలమైతే మరీను. అందుకే అడుగున జానెడు ఎప్పుడూ వదిలేసేవారు, అది తోడేవారు కాదు. ఆ రోజు డ్రమ్ములో ఆ జానెడు పైన ఉన్నది కొంచెమే. విశాఖపట్నం దాకా చాలదని తొందరలో...

"ఒంచీసేను," అన్నారు. "డ్రమ్ము మొత్తం ఒంచీసేను. గుడ్డ ఉంది గదా అనుకున్నాను. గుడ్డకి తుక్కు ఆగుతాది గాని నీళ్ళు ఆగుతాయేటి? పదకొండేళ్ళుగా తెల్సు నాకు."

నాకు ముందు కలిగింది కోపం కాదు. తేలికపడ్డాను. కారు కావాలన్న నా మాట వల్ల కాదు అది ఆగింది. నాలుగు రోజులుగా నేను మోస్తున్నది ఆయన ఒక్క మాటతో దించేశారు, తను ఎత్తుకున్నారు. తేలికపడినందుకు సిగ్గు కూడా వేసింది. అప్పుడు నా సంగతి కూడా చెప్పాను. ఆ కారు ఎందుకు కావాలన్నానో, అందులో నవల చదివానని.

"ఆ పుస్తకాల పిచ్చే గదా లైటు సంగతి సెప్పింది," అన్నారు.

బావగారికి ఈ విషయం ఆయనే చెప్పుకున్నారు. నీళ్ళ డీజిలు పోసింది తనే అని. బావగారు అంతా విన్నారు. తర్వాత, "నీ జీపైతే ఆగేది కాదేమో రా," అన్నారు.

"ఆగేది అన్నియ్యా. నీళ్ళు పోస్తే అదీ ఆగుతాది. కాకపోతే ముందు కాసేపు దగ్గి సెప్తాది. ఇది లైటు ఎలిగించి సెప్పింది. మనకే సదవడం రాలేదు."

ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య ఏది మంచిదన్న మాట నేను వినలేదు. కారు బానెట్ మా ఆయన ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎత్తేవారు. నాలుగేళ్ళ తర్వాత జీపు ముసలిదై రోడ్డెక్కడానికి పనికిరాదన్నప్పుడు, బావగారు కారును తమ్ముడికే ఇచ్చేశారు. ఆయన దానిలో టూరిస్టులను బొర్రా గుహలకి, గాలికొండకి తిప్పేవారు. డ్రమ్మును మాత్రం ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలోనే పెరట్లోంచి తీయించేశారు. ఎవరో సున్నం కలుపుకోవడానికి పట్టుకెళ్ళారు. బంకులో పోయించిన డీజిలే వాడినా, ఆయనకు నమ్మకం కుదిరేది కాదు. వారానికోసారి, సంత రోజు పొద్దున్న, అందరూ లేవకముందే బానెట్ ఎత్తి ఆ మర వదులు చేసి, గాజు సీసాలో కొంచెం పట్టి ప్రహరీ గోడ మీద పెట్టేవారు. కాఫీ తాగినంతసేపు అది తేరుకోనిచ్చి, వెలుతురులో ఎత్తి చూసేవారు. ఎప్పుడూ నీళ్ళు ఉండేవి కావు. ఉండవని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా నేను రెండో గ్లాసు కాఫీతో వెళ్ళి పక్కన నిలబడేదాన్ని. ఆయన సీసా నాకు కూడా చూపించేవారు. లేవు గదా, అనేవారు. లేవు, అనేదాన్ని.

కిందటేడాది ఒక మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని ఆయన మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేంత సమయం లేదు. ఏ బండీ అవసరం రాలేదు. పాప ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. దానికి ఆ ప్రయాణం ఒక్క ముక్క కూడా గుర్తులేదు. గుర్తులేకపోవడం మంచిదే అనుకుంటాను. కారును బావగారు ఒక టాక్సీ ఆయనకు అప్పగించారు. అప్పుడప్పుడు మా ఇంటి ముందు నుంచే పోతుంది, చూస్తే గాని తెలియదు. దాని ఫిల్టర్‌ను ఇప్పుడు సర్వీసింగులో మార్చేస్తారట. మర విప్పి నీళ్ళు ఎవరూ చూడరు.